కాటుక ఎందుకు పోయింది

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం కోపం దిగడం లేదు. ఉట్టి దిగులే అయితే కాసేపు ఏడ్చి నేనూ పడుకునేదాన్ని.

మా నల్ల గోల్డ్‌ఫిష్ కాటుక పోయింది. పొద్దున అత్తయ్య దీపం పెట్టి, మేత వెయ్యడానికి అక్వేరియం దగ్గరికి వెళ్తే, ఫిల్టరు పక్కన ఒక వైపుకు ఒరిగిపోయి ఉందట. నన్ను కేకేసి, నేను వచ్చేసరికే కదలిక లేదు. నిన్న రాత్రి మేత తిన్నది. ఈ మధ్య కాస్త అడుగున ఎక్కువసేపు ఉంటోందనిపించింది, అంతకుమించి ఏమీ లేదు. బయటికి తీసి తెల్ల గుడ్డ మీద పెట్టి చూశాను. ఒంటి మీద తెల్ల చుక్కలు లేవు. పుండు లేదు. పొట్ట ఉబ్బలేదు, పొలుసులు లేవలేదు, తోక కుళ్లలేదు. ఆ ఉబ్బు కళ్లు ఎప్పట్లాగే నల్లగా నిగనిగలాడుతున్నాయి. టూత్‌పిక్‌తో మొప్ప మూత ఎత్తి చూశాను. ఎర్రగానే ఉంది. జిగురు లేదు. నీళ్లలో నైట్రైట్ అనే విషం ఎక్కువైతే మొప్పలు గోధుమ రంగుకి తిరుగుతాయి, అదీ లేదు.

నీళ్లు పరీక్షించే కిట్ తీసి చూశాను. గాజు గొట్టంలో చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాలూ రంగు ఆకుపచ్చ వైపు తిరగాలనే కోరుకున్నాను. తిరిగితే అమ్మోనియా అని తేలిపోతుంది, కనీసం కారణం దొరుకుతుంది. లేత పసుపు దగ్గరే ఆగిపోయింది. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20 దగ్గర, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. పీహెచ్ మా నీళ్లకి ఎప్పుడూ ఉండేదే, 7.8. తొట్టి కొత్తదీ కాదు. కొత్త తొట్టిలో అయితే ఫిల్టరు స్పాంజిలో అమ్మోనియాని తినే బ్యాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది, ఆ లోపల చేపల నుంచి వచ్చే అమ్మోనియా చేపలనే చంపుతుంది. మా తొట్టి ఆ గండం ఎప్పుడో దాటింది. స్పాంజిని నల్లా కింద కడగనివ్వను, తొట్టి నీళ్లలోనే పిండుతాను. నీళ్లు మార్చినప్పుడల్లా క్లోరిన్‌ని విరిచే మందు వేస్తాను. వానాకాలం కదా, బ్లీచింగ్ వాసన ఇంకా ఎక్కువగా ఉంటుందని రాత్రంతా పట్టి ఉంచిన నీళ్లకి కూడా వేస్తాను. క్లోరిన్ లాంటిదే క్లోరమైన్ అని ఇంకొకటి గనక నీళ్లలో ఉంటే ఊరికే నిలవ ఉంచినంత మాత్రాన పోదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పొద్దుటి నుంచి ఎవరికి వాళ్లు నాకు కారణం చెప్పేస్తున్నారు. 

ఎదురు ఫ్లాట్ ఆంటీ గుమ్మంలోంచే, చూడకుండానే, "మేత ఎక్కువ వేసుంటారమ్మా" అన్నారు. షాపతను ఫోనులో నేను సగం చెప్పకముందే "నీలి మందు నాలుగు చుక్కలు వేసెయ్యండి మేడమ్" అన్నాడు. దేనికి వెయ్యాలి? బూజుకీ, గుడ్ల మీద పట్టే ఫంగస్‌కీ పనికొచ్చే మందు అది. ఏ జబ్బో తెలియకుండా తొట్టిలో పోస్తే స్పాంజిలో ఉన్న మంచి బ్యాక్టీరియా చస్తుంది, మిగిలిన మూడు చేపలూ ప్రమాదంలో పడతాయి. ఈయనేమో షూ లేసు కట్టుకుంటూ "వాటి ఆయుష్షే అంతలే" అన్నారు. అంతే కాదు! చక్కగా చూసుకుంటే గోల్డ్‌ఫిష్ పదేళ్లు, పదిహేనేళ్లు బతుకుతుంది. ఇంగ్లండులో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో పోయింది. తిరునాళ్లలో ఆటలో గెలుచుకున్న చేప అది. మా కాటుక ఇంకా పిల్లది.

అందరికంటే ఎక్కువ ఒళ్లు మండించింది అత్తయ్య మాట. "ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకుపోయిందిలే, మంచిదే" అన్నారు. కొనేటప్పుడు షాపతను చెప్పిన మాటే ఇది. ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది పెట్టుకోవాలి, నల్లది చస్తే దోషం పోయినట్టు, వెంటనే ఇంకో నల్లది తెచ్చి వెయ్యాలి అని చెప్పాడు. చైనా వాళ్ల ఫెంగ్ షూయి సంగతి ఇది, ఇక్కడికొచ్చి వాస్తు అయి కూర్చుంది. మా తొట్టిలో తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు వేస్తే అవి ఒకదాని మలంలో ఒకటి ఈదుకుంటూ చచ్చిపోతాయి. అప్పుడు ఎన్ని దోషాలు పోయినట్టు? అందుకే నాలుగు చాలన్నాను.

ఇలాంటప్పుడు నాకు చేపల చెరువులు చేసే కైకలూరు మావయ్యే గుర్తొస్తాడు. వేసవి సెలవులకి వెళ్తే చెరువు గట్టు మీదే మా మకాం. చెరువులో వెదురు గెడలు వరసగా పాతి ఉండేవి. వాటికి ఎరువుల సంచులు కట్టి, సంచులకి చిల్లులు పెట్టి, లోపల తవుడూ వేరుశనగ చెక్కా నింపేవాళ్లు. పడవలో మావయ్య కాళ్ల దగ్గర కూర్చుని, సంచి మునిగాక దాని చుట్టూ నీళ్లు ఎలా కదులుతాయో చూసేదాన్ని. శీలావతి చేపలు చిల్లుల దగ్గర మూతి పెట్టి లాగుతుంటే గెడ సన్నగా వణికేది. ఆ వణుకు చూసి మావయ్య ఈ పూట చేపలు బాగా తింటున్నాయో లేదో చెప్పేవాడు. మబ్బు పట్టిన రోజు రాత్రి ఆయనకి నిద్ర ఉండేది కాదు. ఎండ లేకపోతే పగలు నీళ్లలో ఆక్సిజన్ సరిగా తయారవ్వదు, రాత్రంతా ఖర్చవుతుంది, తెల్లవారుజాము నాలుగింటికి చేపలు గాలి కోసం మూతులు పైకి పెడతాయి. టార్చి పట్టుకుని వెళ్లి చూసొచ్చేవాడు.

ఒక ఏడాది ఒక చెరువులో చేపలు మొత్తం చచ్చి తేలిపోయాయి. పక్క చెరువుకి ఏమీ కాలేదు. అదే కాలవ నీళ్లు, అదే చేపపిల్లల సీడు, అదే మేత. బొచ్చె చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి గట్టు వారన ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఊళ్లోవాళ్లు గట్టు మీదకి వచ్చి ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. ఎవరో మందు కలిపారన్నారు, దిష్టి అన్నారు, కట్టిన ముహూర్తం బాగోలేదన్నారు. మావయ్య ఎవరికీ ఎదురు చెప్పలేదు, అవునని కూడా అనలేదు. కొనఊపిరితో ఉన్న రెండు చేపల్నీ, ఒక సీసాలో నీళ్లనీ పట్టుకుని ల్యాబుకి వెళ్లాడు. ఏమీ తేలలేదు. "తెలీలేదమ్మా" అన్నాడు అత్తతో, అన్నం కలుపుకుంటూ. తర్వాత చెరువు ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్లీ పిల్లలు వదిలాడు.

ఆయనే చెప్పేవాడు, కొర్రమీనులకి పుళ్లు పడ్డ రోజుల గురించి. 1988లో ఈశాన్యం వైపు నుంచి దేశంలోకి దిగిన జబ్బు, తర్వాత మన వైపుకీ వచ్చింది. జనం చేపలు తినడం మానేశారట. నీళ్లలో పురుగుమందులని ఒకరు, బ్యాక్టీరియా అని ఒకరు, వైరస్ అని ఒకరు. చివరికి అఫనోమైసిస్ అనే బూజులాంటి జీవి అని తేలడానికి శాస్త్రవేత్తలకే ఏళ్లు పట్టింది. అంతమంది చదువుకున్నవాళ్లకి అన్నేళ్లు పట్టినదాన్ని, ఎదురు ఫ్లాట్ ఆంటీ గుమ్మంలోంచి ఎలా చెప్పగలిగారు?

సాయంత్రం వరకూ ఇదే ఊపులో ఉన్నాను. అత్తయ్యతో ముక్తసరిగా మాట్లాడాను.

ఏడింటికి మేత వేసే వేళ అయింది. అత్తయ్య డబ్బా చేతిలో పట్టుకుని హాల్లో నిలబడ్డారు, తొట్టి దగ్గరికి వెళ్లలేదు. "నువ్వు వెయ్యమ్మా" అని డబ్బా నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు. కాటుక మొదట ఆవిడ వేలి దగ్గరికే వచ్చేది. గాజు మీద వేలు పెట్టి ఎటు జరిపితే అటు వచ్చేది. కళ్లు సరిగా కనపడని రకం కదా, మిగతావి మేత తినేస్తాయని, దీనికోసం గింజలు నానబెట్టి మూతి దగ్గర వదిలేది ఆవిడే. మరి కీడు తీసుకుపోయింది అనకపోతే ఆవిడ ఏం చేస్తారు? మామయ్యగారు పోయినప్పుడు కూడా డాక్టర్లు ఏదీ గట్టిగా చెప్పలేదు. అప్పుడు ఆవిడ ఎన్ని కారణాలు వెతుక్కున్నారో నేను చూశాను. ఊరికే పోయింది అనుకోవడం కంటే మన కోసం పోయింది అనుకుంటే అన్నం సహిస్తుంది కాబోలు. నేనే కఠినంగా ఉన్నానేమో అనిపించింది. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడుకోలేదు.

అక్కడితో అయిపోయేదే. పడుకోబెడుతుంటే బుజ్జి అడిగింది: "అమ్మా, కాటుక మన వల్ల చచ్చిపోయిందా? మనకి రావాల్సింది దానికి వచ్చిందా?"

మళ్లీ మొదటికొచ్చింది నా కోపం. పెద్దవాళ్లకి ఊరట అయిన మాట ఏడేళ్ల పిల్ల గుండె మీద ఎంత బరువు పెట్టిందో చూడండి. కాదమ్మా, మన వల్ల కాదు, దానికి లోపల ఏదో జబ్బు చేసింది, అదేంటో నాకు తెలీదు అన్నాను. "డాక్టర్‌కి కూడా తెలీదా?" అంది. చేపని చూసే డాక్టర్ మనకి దగ్గర్లో లేడు, చచ్చిపోయాక చేప ఒళ్లు తొందరగా పాడైపోతుంది, చూసినా చెప్పడం కష్టం అన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు, కానీ ఇంకొకటి కల్పించి చెప్పలేను. అత్తయ్యకి రేపు నెమ్మదిగా చెప్పాలి, పిల్ల ముందు ఆ మాట అనొద్దని. ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రాత్రి మావయ్యకి ఫోన్ చేశాను. ఒక్క కారణమూ చెప్పలేదు, అన్నీ ప్రశ్నలే. నీళ్లు ఎప్పుడు మార్చావు? కరెంటు పోయిందా? మొప్పలు చూశావా? మిగతావి మేతకి వస్తున్నాయా? మూడింట్లో ఒకటి రెక్కలు ఒంటికి అదుముకుని ఉందని చెప్పాను. "దాన్ని వేరే టబ్బులో పెట్టి, కాస్త కల్లుప్పు వేసి, గాలి గట్టిగా పెట్టు. మందులేం పొయ్యకు. అది బతికుండగానే చూడు, ఏం చేస్తోందో రాసి పెట్టు" అన్నాడు.

టబ్బులో పెట్టాను. లీటరుకి ఒక గ్రాము లెక్కన ఉప్పు కరిగించి పోశాను. తూకం వెయ్యకుండా వెయ్యనివ్వలేదు ఎవరినీ.

ఈయన ఆదివారం వెళ్లి ఇంకో నల్లది తెద్దామంటున్నారు, పిల్ల మర్చిపోతుందని. నేను ససేమిరా అన్నాను. తొట్టిలో ఏముందో తేలకుండా ఇంకో ప్రాణాన్ని తెచ్చి అందులో వెయ్యను. కనీసం నెల రోజులు ఈ మూడూ కులాసాగా ఉండాలి, ఆ తర్వాత తెచ్చినా ముందు కొన్ని వారాలు వేరే టబ్బులోనే ఉంచాలి. దీని మీద రేపు పొద్దున మళ్లీ వాదన ఉంటుంది. ఉండనివ్వండి.