పెద్దమ్మ సకినాలు, అన్న ఫోన్

సంక్రాంతికి ముందు పరకాల దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. సకినాలు చేసి అమ్ముతుంది తను. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య నుంచి జారవిడుస్తూ బట్ట మీద చుట్లు తిప్పుతోంది, వెనక కిటికీకి క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. ముచ్చటేసి ఫొటో తీయబోతే, "దాన్ల పడే పైసలు నాయి కావు బిడ్డా, మీ అన్నయి" అని నవ్వింది.

అసలు సంగతేంటంటే, జన్‌ధన్ ఖాతా తెరిచినప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నంబర్ ఇచ్చారు, అది అన్న నంబర్. యూపీఐకి ఖాతాకి లింకైన నంబరే కావాలి, ఆ సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి. అందుకని అన్న తన ఖాతా కోడే అంటించాడు. అన్న చెడ్డోడేం కాదు, కానీ బండి ఈఎంఐ ఆ ఖాతాలోంచే కట్ అవుతుంది, నూనె డబ్బాకి పెద్దమ్మ కొడుకుని అడగాలి. పిండి గిర్నీ కోసం మహిళా సంఘం ద్వారా తీసుకున్న స్త్రీనిధి లోన్ మాత్రం పెద్దమ్మ పేరు మీదే ఉంది! అప్పు తనది, రాబడి కొడుకు ఖాతాలో.

పల్లెటూరి ఆడవాళ్లకి టెక్నాలజీ మీద అవగాహన లేదనే మాట వింటే అందుకే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దమ్మ అన్న ఫోన్‌లోనే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లతో ఆర్డర్లు తీసుకుని ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్‌కి పార్సిళ్లు పంపుతోంది. ఇంకేం నేర్పిస్తారు?

నంబర్ మార్పించడానికి బ్యాంకుకి మూడుసార్లు తిరిగాం, ఒకసారి సర్వర్ డౌన్, ఒకసారి ఆధార్ జిరాక్స్ సరిపోలేదన్నారు. చివరికి తన పేరు మీదే సిమ్, నా పాత ఫోన్, ఏటీఎం కార్డు లేకపోయినా ఆధార్ ఓటీపీతో పిన్ పెట్టాం. పిన్ అంటే తనకి టెన్షన్, ఎందుకంటే పక్కింటావిడ అడ్వాన్స్ వస్తుందని ఎవరో చెబితే పిన్ కొట్టి డబ్బులు పోగొట్టుకుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు పెద్దమ్మా, పోవడానికే కావాలి అని చెప్పాను. ఇది పది పోస్టర్ల కంటే బాగా ఎక్కింది. మోసం జరిగితే చేయాల్సిన 1930 నంబర్ని సుద్దముక్కతో గోడ మీద రాసుకుంది.

మొన్న ఫోన్ చేస్తే వెనకాల అన్న గొంతు వినిపించింది, పెట్రోల్‌కి రెండు వందలు కొట్టమని.

"పిన్ యాదికొస్తలేదురా" అంటోంది పెద్దమ్మ.