సోమ్ కాలవ గట్టు మీద సైకిల్ యాత్ర

సోమ్ అనగానే మొదటి ప్రపంచయుద్ధం గురించి చదివినవాళ్లకి బురద, ముళ్లకంచెలు, కందకాలు గుర్తొస్తాయి. తీరా వెళ్లి చూస్తే ఆ నది పారుతోందో, నిలబడిపోయిందో కూడా తెలియదు. ఉత్తర ఫ్రాన్స్‌లో 245 కి.మీ. పొడవున, వాలు పెద్దగా లేని లోయలో చెరువులు చెరువులుగా విడిపోతూ, రెల్లుదుబ్బుల్లో దారి వెతుక్కుంటూ ఇంగ్లిష్ చానెల్‌లో కలుస్తుంది. దాన్ని ఆనుకుని, కొన్నిచోట్ల దాంట్లోనే కలిసిపోయి సోమ్ కాలవ ఉంటుంది. 1770లో తవ్వడం మొదలుపెడితే 1843కి గానీ పూర్తి కాలేదు. పడవలకి తాడు కట్టి లాగడానికి వేసిన గట్టే ఇప్పుడు సైకిల్ దారి. పెరోన్ ఊరి నుంచి సముద్రం దాకా వంద కిలోమీటర్లకు పైనే. మధ్యలో అక్కడక్కడా ఊళ్లలో చిన్న రోడ్లు తగులుతాయి, అంతే. మిగతాదంతా కారూ లారీ రాని దారి.

నాతో వచ్చింది మా బావ. రావులపాలెం మనిషి, పారిస్ శివార్లలో కాపురం. దారిలో మొదటి లాకు, అంటే పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి మార్చే తలుపుల గది, కనపడగానే సైకిల్ ఆపేశాడు. "ఒరేయ్, ఇవి అచ్చం మన లాకులేరా! తలుపులూ అవే, ఆ పక్కన లాకు సూపరింటెండెంట్ గారి ఇల్లూ అదే" అని మురిసిపోయాడు. అక్కడి నుంచి ప్రతి లాకు దగ్గరా ఓ ఫొటో.

కానీ గట్టెక్కే ముందు రోడ్డు తొక్కాల్సి వచ్చింది. పెరోన్‌కి ఇప్పుడు రైలు లేదు. పారిస్ నుంచి అమియాన్, అక్కడి నుంచి ఆల్బెర్ట్ స్టేషన్ దాకా లోకల్ రైల్లో సైకిళ్లతో సహా వెళ్లి, మారికూర్ మీదుగా వెళ్లే పెద్ద రోడ్డు పట్టుకున్నాం. ఆ దారి పట్టడానికి నా కారణం నాకుంది. మాది సికింద్రాబాద్ బొల్లారం. ఆ రోడ్డు పక్కనే కార్న్వా అనే పల్లె ఉంది. 1916 జులై 14న, సోమ్ పోరు జరుగుతుండగా, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్‌కి చెందిన దక్కన్ హార్స్ రౌతులు ఆ లోయలోనే గుర్రాల మీద ఎదురుచూస్తూ ఉన్నారు. అప్పుడు తీసిన ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. తలపాగాలు, చేతిలో బల్లేలు, వెనక చదునైన పొలాలు. ఆ సాయంత్రం వాళ్లని హై వుడ్ అనే అడవి వైపు పంపారు. మెషిన్‌గన్‌ల కాలంలో బల్లేలతో దాడి! కొంత ముందుకెళ్లారు, కొందరు జర్మన్లని పట్టుకున్నారు కూడా. కానీ నిలబడలేక తెల్లవారకముందే వెనక్కి వచ్చేశారు. ఆ అడవి చేతికి రావడానికి సెప్టెంబర్ 15 దాకా పట్టింది. పేరు దక్కన్‌ది కదా అని తెలుగువాళ్లు దండిగా ఉండి ఉంటారనుకోకండి. సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు ఉన్న దళం అది. అయినా సికింద్రాబాద్ పేరు పెట్టుకున్న బ్రిగేడ్ ఈ గోధుమ చేలల్లో తిరిగిందంటే బొల్లారం వాడికి ఆగబుద్ధేస్తుంది.

ఆగాం కానీ సరిగ్గా చూడలేకపోయాం. లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడల్లా టెన్షన్. హ్యాండిల్ మీదా, వెనక వచ్చే చప్పుడు మీదా ధ్యాస పెట్టినవాడికి లోయ ఎలా వంగిందో ఏం కనిపిస్తుంది? ఆ తేడా గట్టు మీదకి చేరాక తెలిసింది.

పెరోన్‌లో పాత కోట లోపల యుద్ధ మ్యూజియం ఉంది, 1992లో తెరిచారు. ఇలాంటి మ్యూజియాల్లో సాధారణంగా బొమ్మలకి యూనిఫాం తొడిగి నిలబెడతారు. ఇక్కడ అలా కాదు. నేలలో లోతు తక్కువ గుంటలు చేసి వాటిలో యూనిఫాంలు పడుకోబెట్టారు. కోటు, కింద ప్యాంటు, ఆ కింద బూట్లు, చుట్టూ మనిషి మోసిన సామాన్లు. లోపల మనిషి మాత్రం లేడు. జర్మన్, ఫ్రెంచ్, బ్రిటిష్ అన్నీ అలాగే. చూడాలంటే తల వంచాల్సిందే. ఇంకో గదిలో ఒక పెద్ద బోర్డు. 1917 మార్చిలో జర్మన్లు ఈ ఊరిని నేలమట్టం చేసి వెళ్తూ, కూలిపోయిన మున్సిపల్ భవనం మీద తగిలించింది. కోప్పడకండి, ఆశ్చర్యపోండి చాలు, అని దాని మీద రాసుంది. ఆ వెటకారానికి బావకి నిజంగానే కోపం వచ్చింది.

ఊరి బయట లా షాపెలెట్ అనే చోట బ్రిటిష్, ఇండియన్ సైనికుల శ్మశానం ఉంది. ఇక్కడి మనవాళ్లలో ఎక్కువమంది లేబర్ కంపెనీల వాళ్లు. తుపాకీ పట్టడానికి కాదు, రోడ్లు వేయడానికి, సామాన్లు మోయడానికి 1917లో ఇంత దూరం తెచ్చారు. తెల్లరాళ్ల మీద 'ఓం భగవతే నమః' అని నాగరి లిపిలో చెక్కి ఉంది. పక్క రోడ్డు మీద కార్లు పోతూనే ఉన్నాయి. అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

పెరోన్ దాటి గట్టు అందుకున్నాక ప్రయాణం మారిపోయింది. ఇద్దరం పక్కపక్కనే తొక్కొచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు. గాలం వేసి కూర్చున్న ముసలాయన తల ఎత్తకుండానే 'బోంజూర్' అంటాడు. నారాయణ పక్షి ఒకటి మేం దగ్గరికి వచ్చేదాకా ఆగి, విసుక్కున్నట్టు లేచి, ముందున్న మలుపులో మళ్లీ వాలుతుంది. గట్టు పక్కన కొండ కోసుకుపోయిన చోటల్లా తెల్లటి సుద్దనేల, అందులో చెకుముకి రాళ్లు. కందకాలు తవ్వింది ఈ సుద్దలోనే. అందుకే విమానాల్లోంచి తీసిన ఫొటోల్లో అవి పచ్చటి నేల మీద తెల్లటి గీతల్లా కనిపించేవి.

వో అనే పల్లె పైన ఒక గుట్ట ఉంది. గట్టు వదిలి, గేరు తగ్గించి, రొప్పుతూ ఎక్కాలి. ఎక్కితే సోమ్ మెలికలన్నీ కాళ్ల కింద పరుచుకుంటాయి. ఎదురుగా క్యుర్లూ పల్లె, కుడివైపు ఫ్రీజ్ పల్లె. 1916 జులైకి ముందు యుద్ధరేఖ వచ్చి ఈ చిత్తడిలోనే ఆగింది. కందకం తవ్వితే నీళ్లొస్తాయి కాబట్టి రెండు సైన్యాల మధ్య ఇక్కడ నది, రెల్లు, చెరువులే అడ్డు. జులై 1న ఇక్కడికి ఉత్తరాన బ్రిటిష్ సైన్యం ఒక్కరోజులో 57,470 మందిని పోగొట్టుకుంది. అందులో చనిపోయినవాళ్లే 19,240. నవంబర్ 18న ఈ సోమ్ పోరు ఆగేటప్పటికి రెండువైపులా కలిపి చచ్చినవాళ్లు, గాయపడినవాళ్లు పది లక్షలు దాటారు. ఇంతా చేసి మిత్రపక్షాలు ముందుకు జరిగింది, బాగా జరిగిన చోట, సుమారు పది కిలోమీటర్లు.

బావ ఫోన్‌లో మ్యాప్ చూసి, "పది కిలోమీటర్లంటే మనం పొద్దున టిఫిన్ అయ్యాక ఆగకుండా తొక్కినంత కూడా లేదురా" అన్నాడు. పుస్తకంలో ఆ అంకె నేను ఎన్నోసార్లు చదివాను. పెడల్ తొక్కిన కాలికి తెలిసినట్టు మాత్రం ఎప్పుడూ తెలియలేదు. కార్లో వెళ్తే ఆ దూరం పది నిమిషాలు, లెక్కలోకే రాదు. నడిస్తే ఊళ్ల మధ్య అతుకు దొరకదు. ఈ లోయని అర్థం చేసుకోవడానికి సైకిలే సరైన వాహనమని నాకు గట్టిగా అనిపించింది. అది కూడా, వెనక హారన్ మోగని దారి అయితేనే.

ఫ్రువాసీలో చిన్న రైలు ఉంది, 60 సెం.మీ. గేజు. 1916లో ఫిరంగి గుళ్లు మోయడానికి వేశారు. యుద్ధం అయ్యాక చక్కెర ఫ్యాక్టరీకి పనికొచ్చింది. ఇప్పుడు పిల్లలు ఎక్కుతున్నారు, మా బావ లాంటి పెద్దలు కూడా.

షిపిల్లీలో ఓ శిల్పం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. లండన్‌కి చెందిన 58వ డివిజన్ స్మారకం, 1918 ఆగస్టులో ఇక్కడ పోరాడినవాళ్లది. ఊరి మధ్యలో దిమ్మె మీద గాయపడి కూలబడిన గుర్రం, దాని మెడ చుట్టూ చెయ్యి వేసి మొహం దగ్గరగా తీసుకున్న ఫిరంగి దళం సైనికుడు. జెండా లేదు, కత్తి లేదు. గుర్రం మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. సైనికుడి మొహంలో ఏడుపు కాదు, సముదాయింపు ఉంది. ఆ దారిలో నేను చూసిన స్మారకాలన్నిట్లో ఇదే నాకు నచ్చింది. కార్న్వా లోయ గుర్రాలు గుర్తొచ్చాయి మరి.

కోర్బీ దగ్గర రెడ్ బ్యారన్ అని పేరుపడ్డ జర్మన్ పైలట్ విమానం కూలిన చోటు ఉంది. 80 విమానాలు కూల్చిన వాడు, 1918 ఏప్రిల్ 21న 25 ఏళ్లకే పోయాడు. బోర్డు చదివి కదిలాం. అమియాన్‌లో కెథెడ్రల్ 1220లో మొదలైంది. లోపల నిలబడి పైకి చూస్తే 42 మీటర్ల ఎత్తు, మెడ పట్టేసింది. యుద్ధంలో ఇసక బస్తాలు పేర్చి కాపాడుకున్నారట. ఊరి అంచున నీళ్ల మధ్య కూరగాయల మడులు ఉన్నాయి, పడవల్లోనే వెళ్లి సాగు చేసుకోవాలి. కోనసీమ మనిషిని అక్కడి నుంచి కదల్చడం కష్టమైంది.

అక్కడి నుంచి కిందికి రెండో యుద్ధం మొదలవుతుంది. ఆంజె దగ్గర 1940 జూన్ 5న జర్మన్ సేనాని రోమెల్ ట్యాంకులు నది దాటాయి. కూల్చకుండా మిగిలిన రైలు వంతెనల మీద పట్టాలు పీకేసి, వాటి మీదుగానే తోలుకెళ్లారు. ఆబ్‌వీల్ తర్వాత కాలవ స్కేలు పెట్టి గీసినట్టు సముద్రం దాకా సూటిగా పోతుంది. ఎదురుగాలి కొట్టి ఆ కొంచెం దూరమే అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది. సెయింట్ వాలెరీలో బంగాళాదుంప వేపుడు తింటూ, "1066లో నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండ్ మీదకి ఇక్కడి నుంచే ఓడలెక్కాడట" అన్నాను. "గాలి కోసం ఆగి ఉంటాడు పాపం" అన్నాడు బావ. నిజంగానే ఆగాడు.

వెళ్లదలిస్తే రెండు మాటలు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, కాబట్టి సముద్రం దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తే హాయి. అలాగైతే ముందు నొయెల్ దగ్గరున్న చైనా కూలీల శ్మశానం చూడండి, 800 పైచిలుకు సమాధులు, అన్నిటి మీదా చైనా లిపి. చేల గట్ల మీద ఎర్రటి పాపీ పూలు కావాలంటే మే చివర, జూన్ మంచి కాలం. ఆ గట్ల మీదే తుప్పు పట్టిన ఇనప బుడ్డిలాంటిది కనిపిస్తే ఫొటో కోసం కూడా దగ్గరికి పోకండి. దున్నినప్పుడల్లా బయటపడే పేలని గుళ్లని బాంబు స్క్వాడ్ వచ్చి తీసుకెళ్తుందని రైతులు అలా పక్కన పెడుతుంటారు. వందేళ్లు దాటినా వాటిలో కొన్నిటికి ఇంకా పేలే శక్తి ఉంది.