వంగ ఛందస్సులో ప్రవక్తలు, తమిళ విరుత్తంలో మక్కా

16వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో చిట్టగాంగ్ ప్రాంతాన్ని బెంగాల్ సుల్తాను హుస్సేన్ షా తరఫున పరాగల్ ఖాన్ అనే సేనాని పాలించేవాడు. భారతకథ వినాలన్న కోరికతో ఆయన కవీంద్ర పరమేశ్వరుడనే కవిని పిలిపించి, కథనంతా సంగ్రహంగా బంగ్లాలో రాయించుకున్నాడు. ఆయన కుమారుడు ఛుటీ ఖాన్ అశ్వమేధ పర్వాన్ని శ్రీకర నంది చేత విడిగా రాయించాడు. బంగ్లాలో భారత రచన మొదలైన తీరు ఇది. రాజరాజ నరేంద్రుడు భారతాన్ని తెలుగు చేయమని నన్నయను కోరిన కథ చిన్నప్పటి నుండి వింటూ వచ్చిన మనకు ఇందులో వింత కనిపించదు. కోరినవాడు ఒక ముస్లిం సేనాని కావడమొక్కటే కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు.

ఆ శతాబ్దం ముగుస్తున్న కాలంలో అదే ప్రాంతానికి చెందిన సయ్యద్ సుల్తాన్ అనే కవి, ఈ భారతాన్ని తలచుకుని ఒక ఆవేదన చెప్పుకున్నాడు. పరాగల్ ఖాన్ రాయించిన ఆ కావ్యాన్ని హిందువులూ ముసల్మానులూ ఇంటింటా చదువుకుంటున్నారని, దేవుని మాట, ప్రవక్త మాట మాత్రం ఎవరికీ పట్టడం లేదని, అరబ్బీ తెలియని వంగదేశపు ముసల్మానులకు తమ మతం సంగతి తెలియకుండా పోతోందని ఆయన బాధ. ఇస్లాం వ్యాప్తి సాహిత్యాలను ఎలా మలచిందని ఆలోచించినప్పుడల్లా నా మనసు ముందుగా ఈ ఆవేదన దగ్గరికే వెళుతుంది. కొత్త మతం ఒక దేశానికి వచ్చి పాత కథలను తుడిచిపెట్టిందన్న సులువైన ఊహను ఇది నిలవనీయదు. మతం మారిన తరువాత కూడా జనం పాత కథలనే ప్రేమించారు. ఆ ప్రేమతో పోటీ పడదలచిన కవికి, అంత ఇంపైన కథను వారి భాషలోనే, వారు వినడానికి అలవాటు పడిన పద్ధతిలోనే చెప్పడం తప్ప వేరే దారి లేకపోయింది.

సయ్యద్ సుల్తాన్ రాసిన ‘నబీ వంశం’ ఆ దారిలో పుట్టిన మహాకావ్యం. సృష్టితో మొదలై ఆదాము, నోవహు, ఇబ్రాహీం, మూసా, ఈసా వంటి ప్రవక్తల చరిత్రల మీదుగా మహమ్మద్ ప్రవక్త వరకు సాగే ఈ కథకు ఆయన ఎంచుకున్నవి పయార్, త్రిపది ఛందస్సులు. కృత్తివాసుని రామాయణాన్ని బెంగాల్ పల్లెలు విన్నది పయార్ ద్విపదలలోనే. అంతకంటే సాహసం మరొకటి ఉంది: ఆ ప్రవక్తల వరుసలో హరికి, అంటే కృష్ణునికి, చోటిచ్చి ఆయన కథ కూడా చెప్పాడు. కృష్ణుణ్ణి అక్కడ చూపిన తీరు భక్తుల దృష్టికి భిన్నంగానే ఉంటుంది. అయినా వంగ శ్రోత మనసులో నిండి ఉన్న ఆ పేరును పక్కన పెట్టి ప్రవక్తల చరిత్ర చెప్పడం సాధ్యం కాదని ఆ కవికి తెలుసు. ఆయనకు నిందలు కూడా తప్పలేదు. కితాబులోని, అంటే మత గ్రంథంలోని, విషయాన్ని హిందువుల పద్ధతిలోకి దించాడని తనను తప్పుపట్టినవారిని గురించి ఆయనే కావ్యంలో ప్రస్తావించాడు. 17వ శతాబ్దంలో సందీప్ ద్వీపానికి చెందిన అబ్దుల్ హకీం ‘నూర్‌నామా’లో ఇంకా ఘాటుగా సమాధానం చెప్పాడు: వంగదేశంలో పుట్టి వంగభాషను ద్వేషించేవారి పుట్టుక ఎటువంటిదో తనకు తెలియదని, ఈ దేశభాష నచ్చనివారు దేశం విడిచి ఎందుకు పోరని నిలదీశాడు. 20వ శతాబ్దపు బంగ్లా భాషోద్యమంలో రాసినట్లుండే ఆ మాటలు మూడు వందల ఏళ్ళకు పైబడినవి.

ఏ భాషలో చెప్పాలన్న తగవు బెంగాల్‌లో పుట్టింది కాదు. 10వ శతాబ్దంలో మధ్య ఆసియాలోని బుఖారా రాజధానిగా పాలించిన సామానీ రాజు మన్సూర్ బిన్ నూహ్ దగ్గరికి, తబరీ అనే పండితుడు అరబ్బీలో రాసిన ఖురాన్ వ్యాఖ్యానం బాగ్దాద్ నుండి 40 సంపుటాలుగా వచ్చింది. అరబ్బీలో చదవడం రాజుకు కష్టమైంది. దానిని పారసీకంలోకి తేవచ్చునా అని ఆయన తన రాజ్యంలోని ధర్మశాస్త్ర పండితులను సమావేశపరచి అడిగితే, ఏ ప్రవక్తనైనా అతని జాతి భాషతోనే పంపామన్న ఖురాన్ వాక్యాన్ని ఆధారంగా చూపి వారు అనుమతించారు. ఆ అనుమతి విలువ చిన్నది కాదని నేను నమ్ముతాను. ఇరాన్‌ను అరబ్బులు జయించిన తరువాత రెండు శతాబ్దాల పాటు రాజకార్యాలకూ శాస్త్రాలకూ అరబ్బీయే దిక్కైన దేశంలో, పారసీకం అరబ్బీ లిపిని, ఎన్నో అరబ్బీ మాటలను, ఛందశ్శాస్త్రాన్ని స్వీకరించి మళ్ళీ గ్రంథభాషగా నిలబడింది ఈ సామానీల కాలంలోనే. అదే నేలలో పెరిగిన ఫిరదౌసి 1010లో ముగించిన ‘షానామా’ ఇస్లాంకు పూర్వపు ఇరాన్ రాజుల గాథ. ముస్లిం అయిన కవి తన దేశపు పాత వీరులను పాడటానికి అడ్డేమీ లేదని నిరూపించిన ఆ కావ్యం ఇరాన్‌కే పరిమితం కాక, టర్కీ నుండి దక్కను వరకు ఎన్నో ఆస్థానాలలో చదివించుకున్నది.

మనకు పక్కనే ఉన్న తమిళదేశంలో ఈ కథ మరింత మనోహరంగా నడిచింది. 17వ శతాబ్దంలో ఎట్టయాపురానికి చెందిన ఉమరు పులవర్, కీళక్కరై వర్తక ప్రముఖుడు శీదక్కాది ప్రోత్సాహంతో ప్రవక్త జీవితాన్ని ‘సీరాప్పురాణం’గా మొదలుపెట్టాడు. శీదక్కాది మరణించిన తరువాత పరంగిప్పేట్టైకి చెందిన అబుల్ ఖాసిం మరైక్కాయర్ ఆ కవిని ఆదుకున్నాడు. జననం, ప్రవక్తృత్వం, హిజ్రత్ (మక్కా నుండి మదీనాకు వలస) అనే మూడు కాండాలుగా 5,027 విరుత్తాలు, అంటే తమిళ పద్యాలు, ఉన్న ఈ కావ్యంలో కంబ రామాయణపు ముద్ర అడుగడుగునా కనిపిస్తుంది. కంబడు కోసల దేశాన్నీ నగరాన్నీ వర్ణించిన తరువాతే కథలోకి వెళ్ళినట్లు, ఉమరు కూడా దేశ వర్ణన పటలం, నగర వర్ణన పటలం నడిపి గాని ప్రవక్త కథ ఎత్తుకోడు.

ఆ దేశ వర్ణనలోని దేశం పేరుకు అరేబియా. మేఘాలు సముద్రపు నీరు తాగి కొండలమీద కురుస్తాయి. ఆ వరద కొండల నుండి అడవుల మీదుగా పొలాలలోకి దూకుతుంది. రైతులు మడులు దున్నుతారు, వరి నాటుతారు, కోత కోస్తారు. ఎడారిని ఎరగక కవి ఇలా రాశాడని కొట్టిపారేయడం అన్యాయం. ఓడ వ్యాపారంతో అరబ్బు రేవులను బాగా ఎరిగిన మరైక్కాయర్ల, అంటే తమిళ తీరపు ముస్లిం వర్తకుల, మధ్య రాసిన కవికి అక్కడి ఇసుక సంగతి తెలియదని నేను అనుకోలేను. సంగం కాలం నుండి తమిళ కవిత్వంలో నేల తీరును బట్టే మనుషుల మనోభావం పలుకుతుంది. పవిత్రమైన దేశం సస్యశ్యామలంగా ఉండాలన్నది తమిళ శ్రోత నమ్మకం. మక్కా పవిత్రతను అతనికి అనుభవంలోకి తేవాలంటే ఇసుకకంటే వరి మడి ఎక్కువ ఉపకరిస్తుంది. కవి ఎరిగి చేసిన ఎంపిక ఇది. అందుకే సీరాప్పురాణం తమిళ ముస్లిముల ఇళ్ళకు పరిమితమైన మత గ్రంథంగా మిగలక, తమిళ కావ్యాలలో ఒకటిగా పండితుల మన్నన పొందింది.

హిందూ మహాసముద్రపు అవతలి ఒడ్డున, నేటి కెన్యాకు చెందిన పతే ద్వీపంలో, 1728లో ముయెంగో అనే కవి రాసిన ‘ఉతెండి వా తంబుకా’ స్వాహిలీలో మనకు దొరికిన అతి పాత కావ్యాలలో ఒకటి. బైజాంటియం చక్రవర్తికీ అరబ్బులకూ జరిగిన పోరు అందులోని కథ. అరబ్బీ లిపిలో రాసినా భాష ఆఫ్రికా తీరానిది.

తెలుగునాట దారి కొంత వేరు. గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా, సింహాసనం ఎక్కకముందు విజయనగరంలో అళియ రామరాయల వద్ద ఏడేళ్ళు తలదాచుకున్నవాడు. 1550 నుండి 1580 వరకు సాగిన ఆయన పాలనలో తెలుగు కవులకు ఆదరణ దొరికింది. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకు అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు తొలి అచ్చతెనుగు కావ్యమైన ‘యయాతి చరిత్ర’ను పటాన్‌చెరు పాలకుడు అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. రెండూ ఆదిపర్వం నుండి తీసిన కథలే. పరాగల్ ఖాన్ చెవులప్పగించిన భారతమే ఇక్కడి కృతిభర్తలకూ నచ్చింది. ఇస్లాం తెచ్చిన కథ తెలుగులో గట్టిగా పలికింది ఆస్థానాలలో కాదు, పల్లెలలో. మొహర్రం రోజులలో తెలంగాణ, రాయలసీమ ఊళ్ళలో పీర్ల గుండం చుట్టూ అడుగులు వేస్తూ పాడే పాటలలో, 680లో కర్బలా వద్ద ప్రాణాలు విడిచిన హుస్సేన్ కథ వినిపిస్తుంది. పాడేవారిలో హిందువులైన రైతులూ చేతివృత్తులవారూ ఎందరో ఉంటారు. ఈ పాటలను జానపదమన్న పేరుతో ఒక మూలకు నెట్టకుండా, తమిళులు సీరాప్పురాణాన్ని చదువుకున్నంత శ్రద్ధతో, యయాతి చరిత్ర చదివే తరగతిలోనే మన విద్యార్థుల చేత చదివించాలని నేను కోరుకుంటున్నాను.