వెయ్యో మ్యాచ్

"ఎనిమిదేళ్లలో ఆరు కంపెనీలా? ఎక్కడా కుదురుగా ఉండరా?" ఇంటర్వ్యూలో ఆయన నా రెజ్యూమే మీద పెన్నుతో కొడుతూ అడిగాడు. నవ్వేసి ఊరుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో స్టీవ్ క్లారిడ్జ్ గుర్తొచ్చాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కింది డివిజన్లలో, క్లబ్బులు మారుతూ ఊరూరా తిరిగిన స్ట్రైకర్. బోర్న్‌మౌత్, ఆల్డర్‌షాట్, కేంబ్రిడ్జ్, లూటన్... లెక్కపెడుతూ నా స్టేషన్ దాటేశాను.

1996, లండన్ వెంబ్లీ స్టేడియం, పై లీగ్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్ చివరి నిమిషం. బంతి పాదానికి కూడా సరిగ్గా తగల్లేదు, ముంగాలి ఎముకకి తగిలి గోల్‌లో పడింది. అతని జట్టు లెస్టర్ ప్రీమియర్ లీగ్‌కి వెళ్లిపోయింది!

2006లో, 40 ఏళ్ల వయసులో, మళ్లీ బోర్న్‌మౌత్‌కే వచ్చి వెయ్యో మ్యాచ్ ఆడాడు. పోర్ట్ వేల్ చేతిలో 4-0తో ఓడిపోయారు. పాపం, ఆ ఒక్కరోజైనా కాస్త కనికరించాల్సింది.

ఏడో కంపెనీ నుంచి ఫోన్ ఇంకా రాలేదు.