బంటి ర్యాంపు: ఎక్కుతున్నది, దిగడం లేదు

నిన్న సాయంత్రం మా కుక్క బంటి ర్యాంపు మీద సగం దూరం దిగి, ఆగి, నా ముఖం చూసి పక్కకు దూకేసింది. ఇది నాలుగో ప్రయత్నం. హనుమకొండలోని మా ఇంటి వరండా నేలకు 54 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. కీళ్లవాతం వచ్చిన 11 ఏళ్ల లాబ్రడార్‌కు ఆ మూడు మెట్లే గండమయ్యాయని ఈ పనికి దిగాను.

మిగతావి కుదిరాయి. ఐదు నెలల్లో బరువు 34 కిలోల నుంచి 31కి తగ్గింది. గోళ్లు పొట్టిగా కత్తిరించి, రబ్బరు జాలీ వేసి దానిపై కొత్తవాడ దర్రీలు (నేత తివాచీలు) పరచిన తరువాత గ్రానైట్ బండల మీద జారడం ఆగింది.

ర్యాంపు మాత్రం లొంగడం లేదు. మొదటిది 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 150 సెంటీమీటర్ల పొడవున చేస్తే వాలు 21 డిగ్రీలు వచ్చింది, బంటి దాని దరికే రాలేదు. పొడవును 216కు పెంచి వాలును 14.5 డిగ్రీలకు తెచ్చాక ఎక్కడం నేర్చుకున్నది కానీ, దిగేటప్పుడు నడిమధ్యలో నిలబడిపోయేది. చెక్క మీద పరచిన దర్రీ జారుతున్నదేమోనని ఫెవికాల్ మెరైన్‌తో అంటించి అంచులకు మేకులు కొట్టాను. ఆ జిగురు మంచుకు తడిసినా పట్టు వదలలేదు, బంటి పట్టుదలా అంతే. అప్పుడు పైనుంచి కింది దాకా దారం బిగించి కొలిస్తే, బంటి బరువుకు చెక్క మధ్యలో 28 మిల్లీమీటర్లు వంగుతున్నదని తేలింది. కాళ్ల కింద నేల కదిలితే ఏ కుక్కయినా బెదురుతుంది కదా అని మధ్యలో ఆనుడు కట్టె పెడితే వంపు 3 మిల్లీమీటర్లకు దిగింది. అయినా నిన్న దూకింది.

రాత్రి ఫోనులో తీసిన వీడియోను నెమ్మదిగా తిప్పి చూశాను. ముందరి ఎడమ కాలు ఆనిన ప్రతిసారీ తల పైకి లేస్తున్నది, కుడి కాలు పెట్టగానే కిందికి వంగుతున్నది. ఇన్నాళ్లూ నొప్పంతా తుంటిలోనే అనుకున్నాను. వాలు దిగేటప్పుడు బరువు ముందరి కాళ్ల మీద పడుతుంది కనుక, లోపం నా చెక్కలో కాక దాని మోచేతి కీలులో ఉండవచ్చు.

ఆ వీడియోను మామునూరు పశువైద్య కళాశాలలో చూపించాలని ఉన్నది. నొప్పి మందు మెలాక్సికాం మోతాదు బరువును బట్టే కనుక, మూడు కిలోలు తగ్గిన సంగతీ అక్కడే చెప్పాలి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయమన్న పక్కింటాయన సలహాను నేను వినలేదు, మీరూ వినకండి. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. గ్లూకోసమైన్ పొడుల మీద నాకు నమ్మకం లేదు, ఆ డబ్బుతో చేపనూనె కొనడం మేలు.

వాలును 12 డిగ్రీలకు తేవాలంటే 260 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఎనిమిదడుగుల షీటు 244 దగ్గరే అయిపోతుంది కాబట్టి, మధ్యలో చదునైన మలుపు పెట్టి రెండు ముక్కలుగా కట్టాలని గీసి పెట్టుకున్నాను. మిగిలే ప్లైవుడ్‌తో, కిటికీ ఎక్కడం మానేసిన మా ముసలి పిల్లికి రెండు పీటలు చేయాలి.