తలుపులు డెబ్బై, తాళం లేదు: మా పద్యాల వేట పురోగతి

ఉండవల్లి డబ్బా దొరికింది. పద్యాన్ని ఎలా విప్పామో, ఏ మాటను పట్టుకుని ఏ మాటను వదిలేశామో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. విజయవాడ, గుంటూరు వైపు ఇలాంటి ఆట మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

ఆట ఇదీ. మాలో ఒకరు చిన్న స్టీలు డబ్బా ఎక్కడో పెట్టి, ఆ చోటు చెప్పే పద్యం రాస్తారు. మిగతావాళ్లు విప్పి వెతకాలి. ఈ ఆలోచన అమెరికాలోని ఫారెస్ట్ ఫెన్ కథ చదివాక వచ్చింది. ఆయన 2010 ప్రాంతంలో రాకీ పర్వతాల్లో కంచు పెట్టె దాచి, 24 పాదాల కవితలో తొమ్మిది ఆనవాళ్లు పెట్టాడు. అది 2020లో వయోమింగ్‌లో దొరికింది. ఈలోగా దాన్ని వెతుకుతూ ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే మా మొదటి నియమం: నీళ్లలోకి, కొండ అంచులకు, పాడుబడిన బావుల దగ్గరికి తీసుకెళ్లే పద్యం రాయకూడదు.

రెండో నియమం ఇంకా గట్టిది. తవ్వకం లేదు. గునపం, పార కాదు కదా, చిన్న తాపీ కూడా తీసుకురాకూడదు. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లు తవ్విపోసేవాళ్ల వార్తలు మన దగ్గర తరచూ చూస్తూనే ఉంటాం. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని గుడి చుట్టూ తిరిగితే మనల్నీ అలాగే అనుకుంటారు, అందులో తప్పు లేదు. పైగా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయల పైన చేస్తే కలెక్టరుకు చెప్పాలి. కాబట్టి డబ్బా నేలలో పాతకుండా, పైనే, కంటికి కనపడేలా, స్థలం యజమాని ఒప్పుకున్నాకే పెడతాం. గుడి ఆవరణలోనూ, పురావస్తు శాఖ కాపాడే కట్టడాల దగ్గరా పెట్టం. పద్యం వాటి పేరు చెప్పొచ్చు, డబ్బా మాత్రం అక్కడ ఉండదు.

ఈసారి పద్యం రాసింది మా వదిన. రెండు తేటగీతులు:

తలుపు లన్నియు డెబ్బది, తాళ మేది
రాతి గుహలోన నిదురించు రంగ డచట
కన్ను దెఱచిన నెదురుగ గాంచు తోట
నేల కడుపులో నీళ్లను నెత్తు నోరు

సగమె త్రావియు మిగిలిన సగము నొసగు
దొరకు దిగువను నిలిచిన దొడ్డ మేడ
కెన్ని యంతస్తు లుండునో యన్ని యడుగు
లుత్తరమ్మున నడిచిన నొక్క డబ్బ

మొదటి పాదం వినగానే బెజవాడ వాళ్లెవరైనా చెప్పేస్తారు. డెబ్బై గేట్లున్నది ప్రకాశం బ్యారేజీ. అది దాటి సీతానగరం వైపు వెళ్తే ఉండవల్లి గుహలు, లోపల పడుకుని ఉన్న అనంత పద్మనాభస్వామి. ఇక్కడ మా తమ్ముడొకడు పట్టుబట్టాడు: "రంగడు అని స్పష్టంగా రాశారు కదా, రంగనాథుడి గుడి చూడాలి" అని. మా బృందంలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. ఆయన వేలితో పాదం మొదటి అక్షరం చూపించారు. 'రా'తో మొదలైంది, నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట్లో యతి, అంటే ఆ మొదటి అక్షరానికి జత కుదిరే అక్షరం, రావాలి, అందుకు 'రంగడు' వచ్చాడు. గుహ, నిద్ర అన్నవి మాత్రం వదిన కావాలని పెట్టినవి.

ఈ వేటలో నాకు బాగా ఉపయోగపడింది ఈ ఒక్క సూత్రమే. ఛందస్సు కోసం వచ్చిన మాటను పిండితే ఏమీ రాదు. అదే గణంలో ఇంకో తేలికైన మాట పట్టే చోట కూడా కవి ఫలానా మాటే పెట్టాడంటే, దారి అక్కడుంది. పద్యం కాగితం మీద పెద్దగా రాసుకుని గణాలు విడగొట్టి, యతి అక్షరాలకు సున్నా చుట్టేస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. నిఘంటువు తర్వాత తియ్యొచ్చు.

రెండో పద్యంలోనూ అంతే. సగం తాగి సగం ఇచ్చేవాడు మంగళగిరి పానకాల స్వామి, సందేహం లేదు. కొండ కింది గుడికి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన గాలిగోపురం ఉంది, 153 అడుగులు, పదకొండు అంతస్తులు. 'దొడ్డ' అన్నది 'దొర'కు యతి. దాని వెనక దొడ్డి, దొడ్డమ్మ అంటూ పరిగెత్తాల్సిన పని లేదు. గోపురం నుంచే పదకొండు అడుగులు వెయ్యాలా అని అక్క అడిగింది. గుడి ఆవరణలో పెట్టకూడదన్న నియమం ఉంది కాబట్టి గోపురం లెక్క ఇవ్వడానికే వచ్చింది. నడక మొదలయ్యేది మొదటి పద్యం ఆగిన 'నోరు' దగ్గర.

అసలు గొడవ 'అడుగు' దగ్గర. కొలత అడుగులైతే పదకొండు అంటే మూడు మీటర్ల పైచిలుకు. వేసే అడుగులైతే ఎనిమిది మీటర్ల దాకా పోతుంది. మాస్టారూ నేనూ దీని మీద చాలాసేపు కూర్చున్నాం. చివరికి దారి చూపింది 'నడిచిన' అన్న మాట. ఆ చోట 'కొలిచిన' కూడా అచ్చంగా నాలుగు లఘువులే (పొట్టి అక్షరాలు), గణం చెడదు, యతి ఆ గణం మీద లేదు. అయినా వదిన 'నడిచిన' అంది. కాబట్టి నడవాలి.

గుహలకు ఎదురుగా కనిపించే తోటల్లో ఒక అరటి తోట వదిన వాళ్ల బాబాయిది. పద్యం తోట దాకా తెచ్చాక ఆయనకు ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పి వెళ్లాం. వదినను ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు, అది ఆట. తోటలో పాత బోరు, దానికి ఇనప పైపు. నేల కడుపులోంచి నీళ్లు ఎత్తే నోరు అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోన్‌లో దిక్సూచిని ఇనప పైపు పక్కన పెట్టి ఉత్తరం చూడొద్దు. మేం చూస్తుండగానే ముల్లు ఒక వైపు, ఫోన్ పట్టుకుని నాలుగడుగులు జరిగితే ఇంకో వైపు. పాతిక అడుగుల దూరంలో పది డిగ్రీల తేడా అంటే నాలుగడుగులకు పైనే పక్కకు పోతాం. అందుకని ఎండను నమ్ముకున్నాం. డిసెంబరు చివర్లో విజయవాడ దగ్గర సూర్యుడు సరిగ్గా దక్షిణానికి వచ్చేది మధ్యాహ్నం 12 దాటి పది నిమిషాల ప్రాంతంలో. ఆ వేళకు నిటారుగా పాతిన కర్ర నీడ ఉత్తరం చూపిస్తుంది. తాడుకు రాయి కట్టి కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకుని, నీడ వెంట పురికొస లాగాం. ఎండాకాలంలో ఈ పద్ధతి నమ్మొద్దు, సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడ కాళ్ల కిందే ఉంటుంది.

తర్వాత ఎవరి అడుగు? నాది రెండున్నర అడుగుల పొడవుంటుంది, వదినది రెండుకు మించదు. అంటే 22 నుంచి 28 అడుగుల మధ్య వెతకాలి. పురికొసకు ఆ రెండు చోట్లా ముడులు వేసి, రెండు ముడుల మధ్య మాత్రమే చూశాం. చిన్న ముడికి రెండడుగుల అవతల గట్టు మీద వేప చెట్టు. కొమ్మలు చీలిన చోట, అరటి నారతో కట్టి, ఆకుపచ్చ రంగేసిన టిఫిన్ డబ్బా! తమ్ముడు ముందు చూశాడు, అరిచాడు, తోటలో పనిచేస్తున్నవాళ్లు కూడా వచ్చి చూశారు.

లోపల పుస్తకాల పండగలో కొనుక్కోమని కొంత డబ్బు, సంతకాల కోసం చిన్న నోట్‌బుక్, పెన్సిలు. చెమ్మకు పెన్ను రాత చెదిరిపోతుంది, అందుకే ఎప్పుడూ పెన్సిలే పెడతాం. డబ్బా మూతకు సైకిల్ ట్యూబు ముక్క బిగిస్తే వాన నీళ్లు పోవు. పైన "ఇది ఆట డబ్బా, ప్రమాదం లేదు" అని ఫోన్ నంబరుతో సహా తెలుగులో రాసి అంటించాలి.

వచ్చే పద్యం నాది, మాస్టారిది. ఈసారి అంకెల్ని గోపురాలతో కాకుండా పాత పద్ధతిలో పెడుతున్నాం: వేదాలు నాలుగు, బాణాలు ఐదు, ఋతువులు ఆరు, రుద్రులు పదకొండు, చదవడం మాత్రం కుడి నుంచి ఎడమకు. స్థలం యజమాని సరే అన్నారు. సీస పద్యంలో రెండు పాదాలు అయ్యాయి, మూడో దాంట్లో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలపడం) ఇంకా కుదరలేదు.