నిమ్మరసం చేసిన నిర్వాకం
ఓవెన్ అవసరం లేని వంటకమే కదా అన్న ధీమాతో నిన్న వైట్ చాక్లెట్ ట్రఫుల్స్, అంటే చాక్లెట్‌లో క్రీమ్ కలిపి చుట్టే మెత్తని ఉండలు, చేయడానికి పూనుకున్నాను. 300 గ్రాముల చాక్లెట్‌ను సన్నగా తరిగి, వేడినీటి గిన్నెపై కరిగిస్తూ, పులుపు బాగా తెలియాలన్న ఆశతో చెంచాడు నిమ్మరసం పోయగానే, అప్పటివరకు పట్టులా జారుతున్న మిశ్రమం క్షణంలో తడి ఇసుకలా బిగుసుకుపోయింది. కరిగిన చాక్లెట్‌కు కొద్దిపాటి తడి తగిలినా అందులోని చక్కెర ముద్దకడుతుందని తెలిసీ చేసిన తప్పు అది.

రెండోసారి రసం జోలికి పోలేదు. నారింజ, నిమ్మ తొక్కల పైపొరను మాత్రమే, చేదెక్కించే తెల్లని భాగం తగలకుండా తురిమి, 100 మిల్లీలీటర్ల వేడి క్రీమ్‌లో 10 నిమిషాలు నాననిచ్చాను. పరిమళమంతా తొక్కలోని నూనెలోనే ఉంటుంది, ఆ నూనె కొవ్వులో చక్కగా కలిసిపోతుంది. వైట్ చాక్లెట్‌లో కోకో వెన్నే తప్ప కోకో పొడి ఉండదు కనుక, డార్క్ చాక్లెట్‌కు పోసినంత క్రీమ్ దీనికి పోస్తే ఉండ కట్టదు.

ఆ క్రీమ్ కలిపిన చాక్లెట్ మిశ్రమాన్ని 4 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి తీసినా, అరచేతి వేడికే కరిగి వేళ్లకు అంటుకోసాగింది. చేతులను చన్నీళ్లతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని చుట్టిన తరువాతే ఉండలు నునుపుగా వచ్చాయి. వంకరగా వచ్చిన మొదటి రెండూ మాత్రం పళ్లెం దాకా చేరలేదు.